ఉమ్మడి భూమి: అడుగవలసిన వారెవరు?

ఊరి మేతబయలు ఎవరిది? అందరిదని చెప్పుట సులభము. దానిని కాపాడుటకు చట్టము చేయునపుడు ఎవరిని సంప్రదింపవలయునన్న ప్రశ్నకు సమాధానము మాత్రము అంత సులభము కాదు.

1882 నాటి మద్రాసు అటవీ చట్టము ప్రజలను అడుగకపోలేదు. ఒక ప్రాంతమును రిజర్వు అడవిగా నిర్ణయించుటకు ముందు, హక్కులున్నవారు తెలుపుకొనవలయునని ప్రకటన వెలువరించు విధి అందు కలదు. గడువులోగా తెలుపని హక్కు రద్దగును. కాని తాతలనాటి నుండి పశువులను తోలుకొనిపోవు బయలును గూర్చి అర్జీ పెట్టుకొనవలయునని ఏ కాపరికి తోచును? గుంటూరు జిల్లా పల్నాటిలో 1921-22లో రైతులు పుల్లరి కట్టబోమని నిలిచిరి. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకు బలియయ్యెను. ముందుగా చెవిని బెట్టని మాటను పాలకులు ఆ విధముగా వినవలసివచ్చెను.

నేడు చట్టము మారినది. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము 58వ సెక్షను ప్రభుత్వాధీనములోని మేతబయళ్లను, కళ్లములను, శ్మశానములను, తోపులను గ్రామపంచాయతీకి దఖలుపరచినది. ఆక్రమణలను తొలగించి ఉమ్మడి భూములను గ్రామమునకు అప్పగించు పథకములు రూపొందింపుడని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రములన్నిటిని ఆదేశించినది.

అయినను పాత ప్రశ్న తీరలేదు. గుంటూరు, ప్రకాశం మెట్టలలో పొరంబోకుపై ఆధారపడువారు పలువురు. సొంత కళ్లము లేని కౌలుదారు అచట మిరపకాయలు ఎండబెట్టుకొనును. నిలువ నీడలేని కూలి గుడిసె వేసికొనును. ప్రక్క పొలము ఆసామి గట్టు జరుపుకొనును. వీరందరు సంబంధితులే. కాని ఆసామి కోల్పోవునది అదనపు లాభము. కౌలుదారు, కూలి కోల్పోవునది బ్రతుకు. ఇరువురి మాటను ఒకే త్రాసున తూచుట సమత్వము కాదు. ఇక పొరుగూరి నుండి మందతో వచ్చు గొర్రెల కాపరి ఈ ఊరి ఓటరు కానందున గ్రామసభలో సభ్యుడే కాడు.

పన్నెండవ శతాబ్దమున కల్యాణమందలి అనుభవ మంటపమున పలు కాయకములవారు కూర్చుండి మాటలాడిరి. వారిని పిలిచి కూర్చుండబెట్టుటయే అందలి విశేషము. తలుపు తెరచియుంచుట వేరు, ఎదురేగి పిలుచుట వేరు.

కావున సంప్రదింపు ధర్మబద్ధము కావలయునన్న, కూలి మానుకొనకుండ రాగల వేళను సభ జరుపవలయును. కాపరి యొద్దకు అధికారియే పోవలయును. త్రోసిపుచ్చిన అభ్యంతరమునకు కారణము చెప్పవలయును. మౌనము అర్ధాంగీకారమను సామెత పెండ్లిమాటలకు చెల్లునేమో. పేదవాని భూమి విషయమున చెల్లదు.