రక్తనాళ పరీక్షకు పోవు తల్లి వెంట

సింగపూరు

చిరంజీవి మేనల్లుని మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

ఔట్రాం రోడ్డునందలి సింగపూరు జనరల్ ఆసుపత్రిలో మీ అమ్మ కాళ్ళకు రక్తనాళముల అల్ట్రాసౌండు పరీక్ష నిర్ణయించిరనియు, నాటినుండి ఆమెకు నిద్ర లేదనియు నీ జాబువలన తెలిసికొంటిని. చక్కెర వ్యాధి గలవారికి నడచునపుడు పిక్కలలో పుట్టి, నిలిచినంతనే శమించు నొప్పి, కాలికి రక్తము గొనిపోవు ధమనులు ఇరుకైనవేమో అను అనుమానమునకు తావిచ్చును గాన, వైద్యు లీ పరీక్ష కోరుట సమంజసమే. దీనికి సూది లేదు, కోత లేదు, ఎక్స్‌రే కిరణములును లేవు. మనుష్యుని చెవికందని ధ్వనితరంగములే సాధనములు.

ఆమెకు ముందుగా ఇట్లు చెప్పుము. బల్లపై పరుండబెట్టి, చేతులకును చీలమండలకును పట్టీలు చుట్టి, గాలి నింపి రక్తపీడనము కొలుతురు. అపుడు బిగువు తోచి వెంటనే వదలును. చీలమండ పీడనమును చేతి పీడనముతో భాగింపగా వచ్చు సంఖ్య 0.9 గాని అంతకు తక్కువ గాని అయినచో ధమని ఇరుకైనదని భావింతురు. అయితే ఏండ్ల తరబడి చక్కెర వ్యాధి గలవారి నాళములు సున్నము పట్టి గట్టిపడి ఆ లెక్కను తప్పుదారి పట్టింపవచ్చును గనుక, కాలి బొటనవ్రేలి పీడనము కూడ చూచుట కలదు. పిదప గజ్జల మొదలు పాదము వరకు చల్లని జెల్లు పూసి, ధ్వనితరంగములను పంపు ప్రోబును అదిమి జరుపుచుందురు. తెరపై మెరయు ఎరుపు, నీలి రంగులు మంచి రక్తము, చెడు రక్తము కావు. ప్రోబు వైపు వచ్చు ప్రవాహమునకును, తొలగిపోవు ప్రవాహమునకును గల భేదమే అవి. 1842లో ప్రేగు నగరమున క్రిస్టియన్ డాప్లరు జంట నక్షత్రముల వెలుగును గూర్చి ప్రతిపాదించిన సూత్రమే నేడు ఆమె కాలిలోని నెత్తురు వేగమును తెలుపుచున్నది.

ఇక నీ ధర్మము. ఈ దేశమున ఆంగ్లము, మలయు, చీనా, తమిళములు అధికార భాషలు. తెలుగునకు ఆ స్థానము లేదు, మీ అమ్మకు తెలుగు దప్ప రాదు. కావున ఆ గదిలో ఆమె నోరు నీవే. నొప్పియని ఆమె అన్నచో, పని త్వరగా ముగియవలెనని ఆ మాటను మ్రింగివేయకుము. గజ్జల వద్ద బట్ట తొలగింపవలసి వచ్చును. పరీక్షించువారు స్త్రీ కావలెనని ఆమె కోరినచో ముందుగనే విచారింపుము, అందు సిగ్గుపడవలసినది లేదు. పొట్టలోని నాళములను కూడ చూచెదమన్నచో ఉపవాస ముండవలసి రావచ్చును. అపుడు చక్కెర మందుల మాట వైద్యునే అడుగుము. పరీక్షించువారిని ఫలితమునకై వేధింపకుము. నివేదిక నిచ్చుట వైద్యుని పని. పరీక్షించువారి మౌనము దుర్వార్త కాదని అమ్మకు ముందే బోధింపుము.

నివేదిక వచ్చిన పిదప దాని నామెనుండి దాచకుము. ప్రేమ పేరిట పెద్దలకు నిజము చెప్పకుండుట మనవారి అలవాటు. కాని నొప్పి పడునది ఆమె, పాదమున చిన్న పుండైనను ప్రతిదినము కనిపెట్టుకొనవలసినదియు ఆమెయే. 2016లో సింగపూరు ప్రభుత్వము చక్కెర వ్యాధిపై యుద్ధము ప్రకటించినది. తన దేహస్థితి తానెరుగని రోగి ఆ యుద్ధమున ఎట్లు పోరాడును?

పరీక్షనాడు సెలవు పెట్టి ఆమె వెంట పొమ్ము. విన్నదంతయు, విన్నది విన్నట్లు, ఆమెకు తెలుగున చెప్పుము.

ఇట్లు,
మీ మేనమామ