మనం చదివేది ఎవరి ఎంపిక?



మీ చేతిలో ఉన్న ఈ పత్రికకు మీరు చందా కట్టారు. అందుకే ఇది వారం వారం మీ ఇంటికి వస్తోంది. వద్దనుకున్న రోజున చందా ఆపివేస్తారు, పత్రిక రావడం మానేస్తుంది. ఇందులో ఏది ముందు చదవాలో, దేనిని విడిచిపెట్టాలో మీ ఇష్టం. మరి, ఉదయం లేవగానే మీ సెల్‌ఫోనులో కనబడే వార్తల విషయంలో ఈ మాట చెప్పగలరా? వాటిని మీరు కోరారా?

కొన్ని నెలల క్రితం ఆదివార దివ్యపూజ అనంతరం ఒక కళాశాల విద్యార్థిని తన తండ్రిని వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చింది. "ఫాదర్‌గారూ, మా నాన్న ఫోనులో రోజంతా ఒకే రకం వీడియోలు. అవి చూసి చూసి పక్కింటివాళ్లతో మాట్లాడడమే మానేశారు" అన్నది. తండ్రి నొచ్చుకున్నాడు. "నేనేమీ వెతకడం లేదు ఫాదర్. అవే వస్తున్నాయి" అన్నాడు. ఇద్దరూ చెప్పింది నిజమే. కాని "అవే వస్తున్నాయి" అన్న మాట నా మనస్సులో నిలిచిపోయింది. మన మనస్సులోనికి వచ్చేవాటికి మనం బాధ్యులమా? అవే వచ్చాయి గనుక నిర్దోషులమా?

పాపసంకీర్తనానికి సిద్ధపడేటప్పుడు చిన్ననాడు మనం నేర్చుకున్న ఒక భేదం ఇక్కడ పనికివస్తుంది. చెడు తలంపు రావడం వేరు, దానికి సమ్మతించడం వేరు. పిలవకుండా వచ్చిన తలంపు పాపం కాదు. కూర్చోబెట్టి మర్యాద చేస్తేనే దోషం. అయితే, వచ్చేవాళ్లెవరో తెలిసి కూడా రోజూ తలుపు బార్లా తెరిచి ఉంచేవాడు "నేను పిలవలేదు" అని ఎంతకాలం చెప్పగలడు? సామాజిక మాధ్యమాలు నడిపే సంస్థలకు ప్రకటనలే ఆదాయం. మనం ఎంతసేపు చూస్తే వాటికి అంత లాభం. కనుక మనకు ఏది మేలో కాక, మన చూపును ఏది పట్టి ఉంచుతుందో లెక్కగట్టి దానిని ముందు పెడతాయి. కోపం, భయం చూపును బాగా పట్టి ఉంచుతాయి. ఇది తెలిసిన తరువాత కూడా ఎంపికను వారికే విడిచిపెడితే, అది కూడా ఒక విధమైన సమ్మతే.

ఆ తండ్రికి నేను సూచించినది కొత్త వస్తువు కాదు. దాని పేరు ఆర్.ఎస్.ఎస్. ఫీడ్ రీడర్. ఈ మూడక్షరాలు వినగానే మీకు తోచే సంస్థకూ దీనికీ ఏ సంబంధమూ లేదు! 1999 మార్చిలో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న డాన్ లిబ్బీ, ఐ.ఐ.టి. మద్రాసులో చదువుకున్న రామనాథన్ గుహ దీనికి రూపమిచ్చారు. ఒక వెబ్‌సైటు తాను కొత్తగా ప్రచురించిన వాటి శీర్షిక, తేదీ, లింకు, కొద్దిపాటి సారాంశం ఒక పట్టికలో ఉంచుతుంది. ఆ పట్టికనే ఫీడ్ అంటారు. రీడర్ అనే యాప్, మీరు ఎంచుకున్న పట్టికలను మాత్రమే అప్పుడప్పుడు వెళ్లి చూసి, కొత్తవి తెచ్చి మీ ముందు పెడుతుంది. ఆ వెబ్‌సైటుకు మీ పేరు గాని, ఫోను నంబరు గాని ఇవ్వనవసరం లేదు. నేడు యువత వినే పాడ్‌కాస్ట్‌లు చాలావరకు ఈ పద్ధతి మీదనే నడుస్తున్నాయి. ఒక్కమాటలో, ఇది చందా పద్ధతి. కట్టేదీ మీరే, ఆపేదీ మీరే.

రీడర్‌ను ఎంచుకునేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. మొదటిది, నా చందాల జాబితాను నేను బయటకు తీసుకుపోగలనా? గూగుల్ సంస్థ 2005లో ప్రారంభించిన గూగుల్ రీడర్‌ను లక్షలాదిమంది నమ్ముకున్నారు. 2013 జులై 1న ఆ సంస్థ దానిని మూసివేసింది. జాబితాను ఓ.పి.ఎం.ఎల్. అనే ఫైలుగా దాచుకున్నవారు దానితో మరో రీడర్‌లోనికి మారిపోయారు. రెండవది, అంశాలు వచ్చిన క్రమంలోనే కనబడతాయా, లేక ఇక్కడ కూడా మరెవరో ముందు వెనుకలు నిర్ణయిస్తారా? తేదీ క్రమం ఉన్నదానినే తీసుకోండి. మూడవది, నా జాబితా నా ఫోనులోనే ఉంటుందా, వేరొకరి వద్ద ఉంటుందా? ఆండ్రాయిడ్ ఫోనులకు ఫీడర్, ఆపిల్ పరికరాలకు నెట్‌న్యూస్‌వైర్ ఉచితంగా దొరుకుతాయి. ఫీడ్లీ, ఐనోరీడర్ వంటివాటిలో ఖాతా తెరవాలి. కొంత పరిమితి వరకు ఉచితం, ఆపైన రుసుము. ఖాతా ఉంటే ఫోనులోను, కంప్యూటరులోను ఒకే జాబితా చూడవచ్చు. ఏదైనా సరే, వెబ్‌సైటు చిరునామాను రీడర్‌లో వేస్తే, ఫీడ్ ఉన్నచోట సాధారణంగా అదే వెదికి పట్టుకుంటుంది.

ఇంతటితో సమస్య తీరిందని నేనూ అనుకున్నాను. నా తప్పు చెప్పుకుంటాను. మొదటి నెలలోనే అరవై ఫీడ్లు చేర్చాను. తత్వశాస్త్రం, దేశ వార్తలు, విదేశీ వార్తలు, వాతావరణం, అన్నీ కావాలనిపించింది. చదవనివి వెయ్యి దాటాయని రీడర్ చూపిస్తుంటే, అది తీర్చవలసిన అప్పులా తోచేది. ఒక సాయంకాలం ఆ లెక్క తగ్గిస్తూ కూర్చున్నాను. ఒక పెద్దాయన వరండాలో ఎదురుచూస్తున్నారని మా ఉపదేశి చెప్పారు. "ఐదు నిమిషాలు" అన్నాను. అరగంట తరువాత వెళ్లి చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది. మరునాడు వారి ఇంటికి వెళ్లాను. భార్యకు ఆపరేషన్ అట, ప్రార్థన అడగడానికి వచ్చారట. ఆయన నన్నేమీ అనలేదు. "మీరు చదువుకుంటున్నారని వచ్చేశాను ఫాదర్" అన్నారు, అంతే.

ఆ రోజు "అవే వస్తున్నాయి" అని చెప్పుకోవడానికి నాకు వీలు లేకపోయింది. అవి నేను ఎంచుకున్నవే, చెడ్డవి కూడా కావు. 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు తన మహాగ్రంథంలో విద్యాసక్తిని నిగ్రహమనే సుగుణంలో భాగంగా చర్చించాడు. సెమినరీలో చదివినప్పుడు నాకు వింతగా తోచింది. చదువుకు నిగ్రహమెందుకు? ఆకలి వంటిదే తెలుసుకోవాలనే కోరిక కూడా. అన్నం మంచిదే, అతిగా తింటే అజీర్ణం. తన విధికి సంబంధించిన దానిని విడిచి అంత ప్రయోజనం లేనిదాని వెంట పోవడం ఆ కోరికకు పట్టే జబ్బులలో ఒకటని ఆయన చెప్పాడు. ఇతరులను తప్పుపట్టడానికే వారి సంగతులు ఆరా తీయడం మరొకటి. ఆ పాఠానికి అర్థం నాకు వరండాలోని ఖాళీ కుర్చీ చెప్పింది.

ఇప్పుడు నా జాబితాలో పన్నెండు ఫీడ్లే ఉన్నాయి. వచ్చిందని చెప్పే గంటలన్నీ ఆపివేశాను. రోజుకొకసారి అరగంట చూసి, మిగిలినవాటిని "అన్నీ చదివినట్లే" అని ఒక్కసారిగా కొట్టివేస్తాను. అది అప్పు కాదని తెలుసుకోవడానికి కొంతకాలం పట్టింది.

ఒక అభ్యంతరం ఉంది. మనమే ఎంచుకుంటే మనకు నచ్చినవే ఎంచుకుంటాం కదా? నిజమే. నచ్చిన గొంతులనే పోగుచేసుకుంటే, యంత్రం కట్టిన గోడకు బదులు మన చేతులతో మనమే గోడ కట్టుకున్నట్లు. అందుచేత నాతో ఏకీభవించని ఒక పత్రికను పట్టుబట్టి జాబితాలో ఉంచాను. దానిని చదివితే కొన్నిసార్లు కోపం వస్తుంది, కొన్నిసార్లు నేనే పొరబడ్డానని తెలుస్తుంది.

ఆ తండ్రి తన ఫోనులో రీడర్ పెట్టించుకున్నాడు. వీడియోలు పూర్తిగా మానలేదని కుమార్తె చెబుతోంది. కాని మొన్న ఆయన నాతో అన్నాడు: "ఇంతకుముందు ఎవరో వడ్డించింది తినేవాణ్ణి ఫాదర్. ఇప్పుడు నా చెయ్యి కూడా గరిటె మీద ఉంది."

ఈ వారం రాత్రి ఆత్మశోధనలో ఒక్క ప్రశ్న చేర్చుకోండి: ఈ రోజు నేను చదివినవాటిలో నేను కోరి చదివినవి ఎన్ని? వాటి కోసం వరండాలో ఎవరిని కూర్చోబెట్టాను?