ఆత్మపరీక్ష

తన్ను తా నెఱుగుటకు సాధనములు వెదకువారికి నేడు కొదవలేదు. కొందఱు జాతకచక్రము వేయించుకొందురు. కొందఱు స్వభావనిర్ణయమునకై ప్రశ్నావళులు పూరింతురు. కొందఱు నిద్రించుటకు ముందు దినచర్య వ్రాసికొందురు. మొదటి రెంట మనలగూర్చి యొరులు చెప్పుదురు. మూడవదానిలో ప్రశ్నయు మనదే, యుత్తరమును మనదే. అందుచేతనే యది మేలు. అందుచేతనే దానికొక లోపమును గలదు.

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరవాసి బెంజమిన్ ఫ్రాంక్లిన్ (1706–1790) యౌవనమున నొక చిన్నపుస్తకము కుట్టుకొనెను. మితభోజనము, మితభాషణము, న్యాయము మొదలగు సద్గుణములను వరుసగా వ్రాసి, వారమునకేడు గడులు గీసి, తప్పినదినమున నల్లచుక్క పెట్టుచుండెను. వారమునకొక గుణముపై విశేషదృష్టి. 13 వారములకొక యావృత్తి. చుక్కలు చెఱిపి చెఱిపి కాగితము చిల్లులుపడగా, దంతపురేకులకు మార్చుకొనెను. ఎంత శ్రద్ధ!

మొదట నాతడు వ్రాసికొన్న గుణములు 12 మాత్రమే. నిన్ను లోకులు గర్విష్ఠుడని తలచుచున్నారని క్వేకరు మతస్థుడగు మిత్రుడొకడు చెప్పగా, వినయమును చేర్చెను. గర్వము తనకున్నదని పుస్తకము చెప్పలేదు. గడి గీయని దోషమునకు చుక్క యెక్కడ పడును?

గడి యున్నను కన్ను పడదేమో! న్యాయము వాని పట్టికలో నెనిమిదవది. అట్టివాని యింట తరువాతి సంవత్సరములలో బానిసలు ఊడిగము చేసిరి. వాని వార్తాపత్రికలో బానిసల విక్రయప్రకటనలు వెలువడెను. స్వీయచరిత్రలో నీ పుస్తకమును వర్ణించినచోట దీనికై చుక్క పెట్టినట్లు మాటయైన లేదు. 1763లో నల్లవారి పిల్లల పాఠశాలను దర్శించిన పిమ్మట, వారి సహజశక్తులనుగూర్చి తన యభిప్రాయము హెచ్చినదని లేఖ వ్రాసెను. 1787లో బానిసత్వ నిర్మూలన సంఘమున కధ్యక్షుడయ్యెను. 1790 ఫిబ్రవరిలో కాంగ్రెసునకు వినతిపత్రము పంపి, ఏప్రిలులో మరణించెను. మార్పునకు దారి చూపినవారిలో నా పిల్లలును గలరు; దంతపురేకులు కావు.

మన గృహస్థుడును ధ్యానము ముగించి, సత్యము, శాంతము, దయ యని గుర్తులు పెట్టుకొనును. తలుపున కావల భార్య యందఱికిని వడ్డించి, అడుగున మిగిలినది తినుచుండును. వంటింటిగూటిలో పనిమనిషికై వేఱుగా బోర్లించిన గ్లాసుండును. ఇవి యే గడిలోనివి? ఆ పుస్తకమును భార్య చేతికిచ్చి, నీవొక గడి గీయుమని యడుగ సాహసించువా రెందఱు? పనిమనిషి నడుగుట యింకను కష్టము. పని పోవునను భయమున నామె నిజము చెప్పదు.