వ్రాతగాని కూలి



గడచిన మాసమున ప్రత్తిపాడు దాపుననున్న మిరప పల్లెనుండి మన సంఘస్థుడైన యౌవనస్థుడొకడు మాయొద్దకు వచ్చెను. ప్రైవేటు బడిలో తెలుగు చెప్పుచున్నాడు. ఆ కొలువు మాని ఇకమీదట వ్రాతమీదనే బ్రదుకవలెనని అతని కోరిక. ప్రకటనలకు మాటలు, అనువాదములు, ధారావాహికలకు సంభాషణలు వ్రాసినయెడల మాటకింతయని యిచ్చువారున్నారట. మిగిలిన వేళలో తన నవల పూర్తిచేయునట. “అయ్యగారూ, గొప్పవాటిని కోరుకోవడం పాపమా?” అని అడిగెను. అతడు బారూకు సంగతి చదివియున్నాడు. అందుకే ఆ భయము.

బారూకు వృత్తిచేత లేఖికుడు. యిర్మీయా నోట వచ్చిన మాటలను సిరాతో చుట్టలో వ్రాసినవాడు. యెహోయాకీము ఏలుబడి నాలుగవ యేట అతడు అలసి మూల్గగా, తన కొరకు గొప్ప సంగతులు ఆశింపవద్దని ప్రభువు వారించి, ప్రాణమును మాత్రము దక్కింతునని మాట యిచ్చెను (యిర్మీయా 45). ఈ భాగము పట్టుకొని పిల్లల ఆశలను అణచిన ప్రసంగములు మనము చాల విన్నాము. మేమును చేసితిమి. అయితే సంగతుల వరుసను గమనించుడి. మరుసటి యేట, చలికాలమున, రాజు ఆ చుట్టను చదువుచుండగానే చాకుతో కోయించి కుంపటిలో కాల్పించెను. అప్పుడు బారూకు ఏమిచేసెను? మరియొక చుట్ట తీసికొని మొదటినుండి వ్రాసెను. అట్టి మాటలు ఇంకను అనేకములు చేర్చెను (36వ అధ్యాయము). తన కొరకు గొప్పతనము వెదకవద్దన్న ప్రభువు కలము క్రింద పెట్టుమనలేదు.

ఆ యౌవనస్థుని తండ్రి కౌలుకు మిరప వేయును. 2021లో నల్లతామర పురుగు మన తోటల పూతను పాడుచేసినప్పుడు ఎందరో పెట్టుబడి పోగొట్టుకొనిరి. మరుసటి యేడు మరల నారు పోసినవారును ఉన్నారు. గుంటూరు యార్డుకు టిక్కీలు తెచ్చిన రైతు మంచి ధర అడిగినచో లోభియని ఎవరును అనరు. వ్రాసినవాడు ధర అడిగినచో మాత్రము మనకు వింతగా తోచును.

1895లో మన వినుకొండలో పుట్టిన గుఱ్ఱం జాషువ కవిగారు 1932లో ‘ఫిరదౌసి’ అను కావ్యము వెలువరించిరి. గజనీ మహమ్మదు పద్యమునకొక బంగారు నాణెమని మాట యిచ్చి, పారసీక కవి ఏండ్లతరబడి శ్రమించి గ్రంథము ముగించిన పిమ్మట వెండి నాణెములు పంపెనని ఆ కథ. అచ్చట తప్పు కూలి కోరినవానిదా, మాట తప్పినవానిదా? చేలు కోసినవారికి ఎగవేయబడిన కూలిని గూర్చి యాకోబు వ్రాసినది కలమునకును వర్తించునని మా తలంపు.

జాషువగారు మాత్రము ఏ ప్రభువు బంగారము కొరకును కనిపెట్టుకొని కూర్చుండలేదు. రాజమహేంద్రవరమున మూగ సినిమాలకు కథ చదివి వినిపించిరి. గుంటూరు లూథరన్ మిషను శిక్షణాలయమున పంతులుగా నుండిరి. 1957 మొదలు 1959 వరకు మద్రాసు రేడియోలో పనిచేసిరి. కులము పేర అవమానములు పడుచు, ఇట్టి కొలువులు చేసికొనుచు, 1941లో ‘గబ్బిలము’ అచ్చువేయించిరి. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము పొందిరి. కొలువు వారి ఆశను చిన్నది చేయలేదు.

గనుక ఆ యౌవనస్థునితో మేము లెక్కల మాటలే చెప్పితిమి. గోపురము కట్టగోరువాడు ముందు ఖర్చు చూచుకొనును గదా (లూకా 14). ఆరు నెలల యింటి ఖర్చు చేతనున్నదా? పని యిచ్చువాడు డబ్బు ఎప్పుడిచ్చునో కాగితముమీద వ్రాయించుకొంటివా? అంతవరకు బడిలో సగము దినమైనను పని విడువకుము; పౌలు కొరింథులో డేరాలు కుట్టెను. అతని ముఖము చిన్నబోయెను. వెళ్లబోవుచు గుమ్మమునొద్ద నిలిచి ఇట్లనెను: “మూడేళ్లుగా మన క్రిస్మస్ నాటకం నేనే రాస్తున్నానుగదా, అయ్యగారూ. మైకుసెట్టు అబ్బాయికి డబ్బిచ్చారు, లైట్లవాళ్లకిచ్చారు. నాకు శాలువా కప్పారు.”

మాకు బదులు తోచలేదు. ఈ పత్రికకు వ్రాయువారికిని మనము ఏమియు ఇచ్చుట లేదు. రాబోవు కమిటీ ముందు నాటకము వ్రాసినవానికి కూలి అను పద్దు పెట్టితిమి. ఇది దేవుని సేవ, సేవకు కూలి యేమని కొందరు పెద్దలు అనుచున్నారు. మైకుసెట్టు అబ్బాయియు మన సంఘస్థుడే.