త్రిత్వమూ క్రియా వచనమూ

ఇంగ్లీషు వర్తమాన కాలంలో, ప్రథమ పురుషలో, కర్త ఒకటైతే ‘ఈజ్’, ఒకటికి మించితే ‘ఆర్’. రెండు నామాలను ‘అండ్’ కలిపితే సాధారణంగా బహువచనమే. కర్త ఒకటా, అనేకమా అన్నదే తేలని చోట ఈ బడిపాఠం తత్వచర్చగా మారుతుంది. తండ్రి, కుమారుడైన యేసు, పరిశుద్ధాత్మ ముగ్గురైనా దేవుడు ఒక్కడే అనే క్రైస్తవుల త్రిత్వ సిద్ధాంతం అలాంటి చోటు.

యోహాను సువార్త 10వ అధ్యాయం 30వ వచనంలో యేసు తానూ తండ్రీ ఏకమంటాడు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు అక్కడ ‘ఆర్’ వాడింది. మూల గ్రీకులోనూ క్రియ బహువచనమే, కానీ ‘ఒకటి’ అన్న మాట నపుంసకలింగం. మూడో శతాబ్ది ఆరంభంలో కార్తేజ్ వేదాంతి టెర్టులియన్ ఈ రెండింటినీ పట్టుకున్నాడు. తండ్రీ కుమారులు ఒకే వ్యక్తి అయితే బహువచన క్రియ ఎందుకు? నపుంసకలింగం చెప్పేది వ్యక్తి ఒక్కడని కాదు, సారం ఒక్కటని. తండ్రే కుమారుడన్న ప్రాక్సియస్‌ను ఖండించడానికి వ్యాకరణం ఒక్కటే చాలదు గానీ, వాదం గట్టిదే.

థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయం 11వ వచనంలో వ్యవహారం తిరగబడింది: తండ్రి, యేసు ఇద్దరూ కర్తలు, గ్రీకు క్రియ ఏకవచనం. గ్రీకు క్రియ కొన్నిసార్లు పక్కనున్న కర్తతోనే సరిపెట్టుకుంటుంది కనుక, దీన్నుంచి సిద్ధాంతం లాగడం తొందరపాటు.

హీబ్రూలో దేవుణ్ని చెప్పే ‘ఎలోహీమ్’ మాట రూపం బహువచనం. అన్యదేవతల విషయంలో దానికి బహువచన క్రియే వస్తుంది. దేవుడు సృష్టించాడని చెప్పే ఆదికాండం మొదటి వచనంలో మాత్రం క్రియ ఏకవచనం. తెలుగులో గౌరవానికీ బహువచనం వాడతారు, అయినా దేవుడికి ‘చేశాడు’ అనే అంటారు. ఇంగ్లీషులో ఆ చిక్కు లేదు: భూతకాలపు ‘క్రియేటెడ్’ కర్త ఒకరైనా పదిమందైనా మారదు.