ఓడిన మాటకు విగ్రహమా?

మా అమ్మాయి డెన్వర్‌లో ఉంటుంది. అక్కడికి వెళ్లినప్పుడు ఒక సాయంత్రం మనవడు నన్ను సకురా స్క్వేర్ అనే చోటికి తీసుకెళ్లాడు. అక్కడ ఒక పెద్దమనిషి విగ్రహం కనిపించింది.

"ఎవర్రా ఈయన?" అన్నాను.

"రాల్ఫ్ కార్ అని, ఒకప్పటి గవర్నరు తాతయ్యా. యుద్ధంలో జపాన్ సంతతి వాళ్లను క్యాంపుల్లో పెడుతుంటే తప్పన్నాడు."

"ఆపగలిగాడా?"

"లేదు."

"పోనీ, తర్వాత ఎన్నికల్లో గెలిచాడా?"

"అదీ లేదు."

"మరి విగ్రహం ఎందుకురా?"

"అది నువ్వే చెప్పాలి" అని నవ్వాడు వాడు. చూశారా, ప్రశ్న నాదే, పరీక్షా నాకే!

మన గవర్నర్లను రాష్ట్రపతి నియమిస్తారు. అమెరికాలో గవర్నరంటే జనం ఓట్లతో గెలిచే పాలకుడు, మన ముఖ్యమంత్రి లాంటివాడు. జనానికి కోపం వస్తే కుర్చీకి ముప్పే. కార్ 1939 నుంచి 1943 దాకా కొలరాడో గవర్నరుగా ఉన్నాడు. 1941 డిసెంబరులో జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేసింది. 1942 ఫిబ్రవరి 19న ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. దాంతో పశ్చిమ తీరాన ఉన్న జపనీయ సంతతి వాళ్లు, దాదాపు 1,20,000 మంది, ఇళ్లూ పొలాలూ దుకాణాలూ వదిలేసి ముళ్లకంచెల మధ్యకు చేరారు. అందులో మూడింట రెండువంతుల మంది అమెరికా గడ్డ మీద పుట్టిన పౌరులే. వాళ్ల మీద నేరమూ మోపలేదు, విచారణా జరపలేదు.

ఇరుగుపొరుగు రాష్ట్రాల పాలకులు వాళ్లను మా గడప తొక్కనివ్వమన్నారు. కార్ ఒక్కడూ రానివ్వండి అన్నాడు. ఇవాళ వాళ్లకు లేని హక్కు రేపు మీకూ ఉండదని, మండిపడుతున్న తన ఓటర్లకే చెప్పాడు.

అలాగని ఆయన్ని దేవుణ్ణి చేయనక్కర్లేదు. సైన్యం అడిగితే యుద్ధకాలంలో కాదనలేనన్నాడు. ఆయన రాష్ట్రంలోనే గ్రనాడా ఊరి దగ్గర అమాచి శిబిరం వెలిసింది. ఒక దశలో అందులో 7,000 మందికి పైగా ఉన్నారు. ఆయన మాట ఒక్క కంచెనూ కూల్చలేదు. 1942 నవంబరులో సెనేట్‌కు పోటీ చేసి, కొద్ది వేల ఓట్లతో ఓడాడు. 1950లో మళ్లీ గవర్నరు పదవికి నిలబడి, పోలింగు రాకుండానే కన్నుమూశాడు. 1988లో అమెరికా ప్రభుత్వం తప్పు ఒప్పుకుని, బతికున్న బాధితులకు తలా 20,000 డాలర్లు ఇస్తూ చట్టం చేసింది. అప్పటికి ఆయన పోయి 38 ఏళ్లు.

లెక్కలు కట్టేవాడికి ఇందులో లాభమేముంది చెప్పండి? నేనూ బతుకంతా లెక్కలు కట్టినవాణ్ణే.

ఉద్యోగం చేసే రోజుల్లో మా ఆఫీసులో డబ్బు తగ్గిందని ఒక గుమాస్తా మీద నింద వేశారు. పుస్తకాలు చూసినవాణ్ణి గనక, తప్పు అతనిది కాదని నాకు తెలుసు. విచారణలో నన్నడిగారు. "సరిగా గుర్తులేదండీ" అన్నాను. నేను చెప్పినా అతని ఉద్యోగం నిలిచేది కాదు, పైగా నాకూ ముప్పు వచ్చేది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. బహుశా ఆ లెక్క తప్పు కూడా కాదు. కొన్నేళ్లకు బజార్లో కనిపించి అతనే పలకరించాడు. కోపం లేకుండానే అన్నాడు: "ఉద్యోగం పోతే పోయింది లెండి. మీరొక్కరు కాదని ఉంటే, మా ఇంట్లోవాళ్లయినా నన్ను నమ్మేవారు."

అంతే! నా లెక్కలో నేను వేసుకోని పద్దు అదే. అన్యాయం మనిషి ఆస్తినీ జీతాన్నీ తీసుకుపోయి ఊరుకోదు. 'నువ్వు మాలో ఒకడివి కావు' అని మొహం మీద ముద్ర వేస్తుంది. ఆస్తి తిరిగి ఇప్పించడం ఒక్కడి వల్ల కాకపోవచ్చు. ఆ ముద్రను ఒప్పుకోనని చెప్పడానికి మాత్రం ఒక్కడు చాలు. అయితే ఆ మాట సమయానికి అనాలి. 1988 నాటి క్షమాపణ ఎంత గొప్పదైనా, కంచె లోపలే కాలం చేసినవాళ్ల చెవిన పడలేదు. కార్ మాట 1942లోనే వినిపించింది.

దూరదేశపు కథ కదా అనుకోకండి. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మనమూ దాదాపు 3,000 మంది చైనా సంతతి వాళ్లను రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో పెట్టాం. వాళ్లలో ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లెందరో. అప్పుడు నాకు పదిహేడేళ్లు. ఆ సంగతి మా ఊళ్లో ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

తిరిగి వస్తుంటే మనవడు అడిగాడు, "జవాబు దొరికిందా తాతయ్యా?"

"దొరికిందిరా. గెలిచినందుకు కాదు, గుర్తులేదని అననందుకు" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. కారెక్కాక, ఆ గుమాస్తా సంగతి మొదటిసారి ఒకరికి చెప్పాను.