తల్లి పలుకు, తండ్రి దీపము



తల్లిదండ్రుల గౌరవమును గూర్చిన ఆజ్ఞను మనమందరము చిన్ననాడే కంఠతా నేర్చుకొంటిమి. ముసలితనమున వారికి అన్నము పెట్టుట, రోగమందు కనిపెట్టుట, వారి మాట వినుట, ఇవన్నియు ఆ ఆజ్ఞలో చేరియున్నవని ఎవరును సందేహింపరు. అయితే వారు మాటలాడిన భాష సంగతి యేమి? తల్లి పలుకును విడిచి గొప్పవారి పలుకును నేర్చుకొన్న కుమారుడు తల్లిని అవమానించినవాడగునా? ఆ తల్లిదండ్రులే అట్లు విడువుమని చెప్పినయెడల అప్పుడేమి?

ఈ ప్రశ్నను ఒక రైతు కుటుంబపు జ్ఞాపకములను చేతబట్టుకొని ఆలోచింతము. ఆ కుటుంబము మన దేశముది కాదు. స్కాట్లండునకు నైరుతి దిక్కున, సముద్రము ప్రక్కనున్న ఎయిర్‌షైర్ అను సీమలోనిది. అక్కడి పల్లె జనుల భాష పేరు స్కాట్సు. అది ఇంగ్లీషునకు తోబుట్టువు. ఒక తల్లి కడుపున పుట్టినవే రెండును. అయితే వేరు వేరు యిండ్లలో పెరిగినవి. బిడ్డను వారు 'బేర్న్' అందురు. ఆవులను 'కై' అందురు. కష్టమును ఓర్చుకొనుటకు 'థోల్' అను మాట కలదు. 'గ్రీట్' అనగా ఇంగ్లీషువారికి వందనము చేయుట, స్కాట్సు మాటలాడువారికి ఏడ్చుట! ఒకప్పుడు రాజుల కొలువులోను న్యాయసభలోను వాడిన ఈ భాష, 1603లో వారి రాజు లండనునకు వెళ్లిన తరువాతను, 1707లో రెండు దేశముల పార్లమెంటులు ఒకటైన తరువాతను, పెద్దల నోట క్రమముగా తగ్గి, పొలములోను పొయ్యి దగ్గరను మిగిలెను.

ఆ కుటుంబము విలియం బర్నెస్ అను కౌలు రైతుది. అతని పెద్ద కుమారుడే 1759 జనవరి 25న పుట్టిన రాబర్ట్ బర్న్స్, స్కాట్లండు జనులు నేటికిని తమ కవి అని చెప్పుకొనువాడు. ఆ కవి నడతలో మెచ్చరానివి చాల కలవు. వాటిని ఇక్కడ విచారింపను. నాకు కావలసినది ఆ యిల్లు. ఆ యింటిని గూర్చి సాక్షులున్నారు. తమ్ముడైన గిల్బర్టు పెద్ద ఉత్తరము వ్రాసెను. పిల్లలకు చదువు చెప్పిన జాన్ మర్డోక్ వ్రాసెను. రాబర్ట్ తానే 1787లో డాక్టరు జాన్ మూర్‌కు తన కథ వ్రాసికొనెను. అందరికంటె చిన్నదైన ఇసబెల్లా 1858 వరకు బ్రదికి, తన చిన్ననాటి సంగతులను అడిగినవారికి చెప్పుచు వచ్చెను.

తండ్రి ఈశాన్య సీమనుండి పని వెదకికొనుచు వచ్చిన తోటమాలి. అల్లోవే అను ఊరిలో తన చేతులతోనే మట్టిగోడల యిల్లు కట్టుకొనెను. రాబర్ట్ పుట్టిన కొలది దినములకే గాలివానకు ఆ యింటి గోడ యొకటి కూలినందున, తల్లిని బిడ్డను పొరుగింటికి చేర్చవలసి వచ్చెను. తరువాత మౌంట్ ఆలిఫంట్ అను పొలమును కౌలుకు తీసికొనెను. డెబ్బది ఎకరములని విని అతడు మోతుబరి అనుకొనవద్దు. సాగులో ఉన్న నేలలలో అంత చవుడు నేలను తాను చూడలేదన్నట్టు గిల్బర్టు వ్రాసెను. కౌలు మొదట ఏటికి 40 పౌండ్లు, ఆరేండ్ల తరువాత 45.

ఏండ్ల తరబడి ఆ యింటిలోనికి కసాయి మాంసము రాలేదు. కూలివాండ్రను పెట్టుకొను శక్తి లేదు. రాబర్ట్ పదుమూడేండ్ల వయస్సున కళ్లములో నూర్పిడికి నిలిచెను. పదునైదవ యేట ఆ పొలములో ముఖ్యమైన పనివాడు అతడే. సాయంకాలము తలనొప్పితో కూలబడుచుండెడివాడట. తండ్రికి అప్పటికి ఏబది దాటెను, ఒళ్లు అరిగిపోయెను. దయగల భూస్వామి చనిపోగా పెత్తనము గుమాస్తా చేతికి వచ్చెను. అతడు పంపిన బెదరింపు ఉత్తరములు చదివి ఇంటిల్లపాది ఏడ్చెడివారని రాబర్ట్ జ్ఞాపకము చేసికొనెను. పాత దినములే మేలైనవని చెప్పువారిని ప్రసంగి యేడవ అధ్యాయములో ఎందుకు మందలించెనో ఈ జ్ఞాపకములు చదివినవారికి తెలియును.

అయినను ఈ యింటిలో మరియొకటి జరుగుచుండెను. 1765లో విలియం మరి నలుగురు ఇరుగుపొరుగువారితో కలిసి, పదునెనిమిదేండ్ల మర్డోక్‌ను ఉపాధ్యాయునిగా కుదుర్చుకొనెను. జీతమును పంచుకొని, వంతులవారీగా ఒక్కొక్కరి యింట అతనికి భోజనము పెట్టిరి. అతడు వెళ్లిపోయిన తరువాత చలికాలపు రాత్రులలో తండ్రి క్రొవ్వొత్తి వెలిగించి పిల్లలకు తానే లెక్కలు చెప్పెను. భూగోళ పుస్తకమును, బైబిలు చరిత్ర పుస్తకమును, సృష్టిలో దేవుని జ్ఞానమును గూర్చిన పుస్తకమును సంపాదించి తెచ్చెను. దస్తూరి బాగుపడవలెనని ఒక వేసవిలో రాబర్ట్‌ను గిల్బర్టును డాల్రింపుల్ బడికి పంపెను. అయితే ఇద్దరును ఒక్కసారి వెళ్లినచో పొలము పని ఆగిపోవును గనుక, ఒక వారము ఒకడు, మరు వారము మరియొకడు! పొలములో పని చేయుచు తండ్రి ఆ బాలురతో పెద్దవారితో మాటలాడినట్లు అన్ని సంగతులు మాటలాడెడివాడు.

ఏ భాషలో మాటలాడెను? ఇక్కడ మర్డోక్ సాక్ష్యము ముఖ్యమైనది. అంత తక్కువ చదువుతో అంత చక్కని ఇంగ్లీషు పలికిన మనుష్యుని తాను చూడలేదనియు, దానివలననే ఆ బాలురు తమ యీడువారికంటె ముందుగా పెద్దవారివలె మాటలాడను ఆలోచింపను నేర్చిరనియు అతడు వ్రాసెను. చెప్పులకు మట్టియైన కౌలు రైతు, తన బిడ్డల నిమిత్తము తన నాలుకను తానే దిద్దుకొనెను. పిల్లలకు బోధించుటకు అతడు సిద్ధపరచిన మతబోధ చిన్న గ్రంథము కూడ ఇంగ్లీషులోనిదే.

తల్లి ఏగ్నెస్ బ్రౌన్ కొంత చదువగలదు గాని వ్రాయనేరదు. ఆమె పాత స్కాట్సు పాటలు పాడుచు పని చేసికొనెడిది. ఆమె బంధువర్గపు ముసలామె బెట్టీ డేవిడ్‌సన్ ఆ యింటికి వచ్చుచు, దయ్యముల కథలు, మంత్రగత్తెల కథలు, ఎన్నటికిని తరుగని మూట విప్పినట్లు చెప్పెడిది. చీకటిలో నడుచునప్పుడు ఇప్పటికిని అనుమానపు చోట్ల ప్రక్కకు చూచుచుందునని రాబర్ట్ పెద్దవాడైన తరువాత ఒప్పుకొనెను. అతడే ఆ ఉత్తరములో ఆమెను అజ్ఞానురాలనియు మూఢురాలనియు వ్రాసి, వెంటనే తనలోని కవిత్వపు విత్తనములను సాకినది ఆమె కథలేనని చెప్పుచున్నాడు. ఇంగ్లీషులో వ్రాయునప్పుడు మొదట చిన్నచూపు వచ్చెను, తరువాత కృతజ్ఞత వచ్చెను. చదువుకొన్న మన బిడ్డలు తాతమ్మలను గూర్చి మాటలాడునప్పుడు కూడ ఈ వరుసనే విందుము.

1786లో అచ్చయిన అతని మొదటి పుస్తకము ముఖ్యముగా స్కాట్లండు పల్లె పలుకులోనిదని దాని పేరులోనే చెప్పెను. తండ్రి ఎంతో కష్టపడి నేర్పిన భాషలో కాదు, తల్లి ఊరక పాడిన భాషలో ఆ యింటి పేరు నిలిచెను. కొందరు దీనిని చూపి, తండ్రి శ్రమ వ్యర్థమనియు, ప్రకృతియే చాలుననియు చెప్పుదురు. ఎడింబరోలోని హెన్రీ మెకెంజీ ఆ సంవత్సరము డిసెంబరులో ఒక పత్రికలో, చదువు లేని నాగలివానికి పరలోకమే నేర్పినట్లు మెచ్చుకొనెను. వినుటకు భక్తిగా నున్నది. కాని ఆ చలిరాత్రుల క్రొవ్వొత్తి ఏమైనది? వారము విడిచి వారము బడికి నడచిన పిల్లవాని కాళ్లు ఏమైనవి? పేదవాని బిడ్డకు విద్య వచ్చినప్పుడు, దాని వెనుకనున్న తండ్రిని లెక్కలోనుండి తీసివేయుట, దేవుని పేరట చేసినను, అబద్ధ సాక్ష్యమే అని నా తలంపు.

తండ్రి తప్పు చేసెనా? నేను చేయలేదనుచున్నాను. పెద్ద సంతలో చెల్లు నాణెమును బిడ్డ చేతిలో పెట్టుట పాపము కాదు. ఆ కాలపు పండితులు స్కాట్సు పలుకులను ఏరి, వీటిని వాడరాదని పట్టికలు వేయుచుండిరి. తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1752లో వేసెను. విలియం పుట్టిన సీమలోనే పుట్టిన జేమ్స్ బీటీ 1779లో వేసెను. పల్లెలోని రైతు దానిని ఎదిరింపగలడా? అతడు బిడ్డలకు రెండవ భాష నిచ్చెను, మొదటి దానిపై ద్వేషమును ఇయ్యలేదు. బెట్టీ కథలు చెప్పుచుండగా ఆమెను వెళ్లగొట్టలేదు. పాపము ఎక్కడ మొదలగుననగా, కొత్త పలుకు నేర్పువాడు పాత పలుకును సిగ్గుపడవలసిన దానినిగా చేసినప్పుడు. 1872 విద్యా చట్టము తరువాత స్కాట్లండులో బిడ్డలందరు బడికి పోవలసి వచ్చెను. అది మేలే. అయితే ఇంట నేర్చిన మాట నోట వచ్చినందుకు అరచేతిమీద తోలు పట్టీ దెబ్బ తిన్నట్లు చెప్పుకొనువారు ఇరువదవ శతాబ్దమున కూడ కలరు. ఆ దెబ్బ బాలుని చేతిమీద పడెను గాని, తగిలినది ఇంటనున్న తల్లికి.

ఇక సంఘమును గూర్చి చెప్పక విడువరాదు. 1579లో స్కాట్లండు పార్లమెంటు, కలిగిన గృహస్థులందరి యిండ్లలో బైబిలు ఉండవలెనని శాసనము చేసెను. ఆ యేడే ఆ దేశమున మొదటి పూర్తి బైబిలు అచ్చయ్యెను, కాని ఇంగ్లీషులో. ఇదే ఎయిర్‌షైర్‌లో మర్డోక్ నిస్బెట్ అను విశ్వాసి 1520 ప్రాంతమున క్రొత్త నిబంధనను స్కాట్సులోనికి మార్చి చేతితో వ్రాసికొనెను. శ్రమల కాలములో నేలక్రింద త్రవ్విన గదిలో దానిని చదివెనని చెప్పుదురు. ఆ వ్రాతప్రతి అచ్చయినది 1901 మొదలు 1905 లోపల! కావున తరతరముల రైతులు ఆవుతో ఒక భాషలో మాటలాడి, దేవునితో మరియొక భాషలో మాటలాడిరి. బర్న్స్ వ్రాసిన 'కాటరు శనివారపు రాత్రి' అను పద్యములో ఒక పేద పల్లెకాపు సాయంకాలపు కుటుంబ ప్రార్థన కలదు. ఆ కాపు భక్తి తమ తండ్రిదేనని గిల్బర్టు చెప్పెను. ఆ పద్యములోని కథ స్కాట్సు పలుకుతో మొదలై, బైబిలు తెరచు వేళకు దాదాపు ఇంగ్లీషైపోవును. ప్రభువు వింటున్నాడనగానే మంచి బట్టలు కట్టుకొన్నట్లు, మంచి భాష కట్టుకొనిరి.

మన తెలుగు సంఘములకు ఈ కొరత రాలేదు. క్రొత్త నిబంధన తెలుగులో 1818లోనే సేరంపూరులో అచ్చయ్యెను. మన తాతలు ఏ భాషలో ఎడ్లను అదలించిరో ఆ భాషలోనే, కొంచెము గ్రంథపు వాసనతో నైనను, దేవుని వాక్యము వినిరి. దీని విలువ మనము తరచుగా ఎరుగము.

భాష విస్తరాకు వంటిది, అన్నము ముఖ్యము గాని ఆకు కాదని కొందరందురు. నేను అపొస్తలుల కార్యములు రెండవ అధ్యాయమును తలంచుచున్నాను. ఆ దినమున యెరూషలేములో కూడినవారిలో గ్రీకు గాని అరామిక్ గాని తెలియనివారు కొద్దిమందియే యుందురు. పేతురు ఒక్క భాషలో చెప్పినను చాలును. అయినను ప్రతివాడు తాను పుట్టిన దేశపు పలుకు వినెను. అవసరమును మించిన ఆ పని దేవుడెందుకు చేసెను? మరియు ఆ పేతురే కొన్ని వారముల క్రిందట ప్రధాన యాజకుని ముంగిట నిలిచి, నీ పలుకే నిన్ను పట్టి యిచ్చుచున్నదని ప్రక్కనున్నవారు అనగా, ఒట్టు పెట్టుకొనెను (మత్తయి 26:73). గలిలయ యాసకు భయపడిన ఆ నాలుకనే దేవుడు తరువాత వాడుకొనెను. ఆ యాసను తీసివేసెనని ఎక్కడను వ్రాయబడలేదు.

2022 జనాభా లెక్కలలో స్కాట్లండున పదునైదు లక్షల మంది తాము స్కాట్సు మాటలాడగలమని చెప్పిరి. 2025లో చట్టము దానిని ఆ దేశపు అధికార భాషలలో చేర్చెను. నేటికిని ప్రతి జనవరి 25న విందులు చేసి బర్న్స్ పద్యములు చదువుదురు. ఆ విందులలో గుమాస్తా ఉత్తరములు కూడ చదువబడిన బాగుండును. పాటను ఉంచుకొని కన్నీటిని మరచుట కూడ తల్లిదండ్రుల విషయమై ఒక విధమైన మరపే.

డండీ నగరము దగ్గర ఒక పాదిరిగారి కుమారుడు, విలియం లోరిమర్, తొమ్మిదేండ్ల వయస్సు మొదలుకొని చుట్టుప్రక్కల వినిన స్కాట్సు మాటలను నోటు పుస్తకములో వ్రాసికొనుచు వచ్చెను. పెద్దవాడై గ్రీకు పండితుడాయెను. ఉద్యోగము విరమించిన తరువాత క్రొత్త నిబంధనను గ్రీకునుండి నేరుగా స్కాట్సులోనికి త్రిప్పెను. 1967లో అతడు మరణించగా, కుమారుడు ఆ వ్రాతలను సరిచేసి 1983లో అచ్చు వేయించెను. అందులో అందరును స్కాట్సే మాటలాడుదురు. అయితే అనుబంధములో శోధన కథను మరియొకసారి వేసి, సాతానునకు మాత్రము ఇంగ్లీషు పెట్టెను. విలియం బర్నెస్ దీనికి ఒప్పుకొనియుండడు. అతడు క్రొవ్వొత్తి వెలుగున నేర్పినది సాతాను భాష కాదు. ఏగ్నెస్ బ్రౌన్ ఆ పుట వినియున్నయెడల మాత్రము కొంగు అడ్డము పెట్టుకొని నవ్వియుండునేమో.